తరుగు

వన్ టౌన్ బ్యాంకులో నేను బంగారం చూస్తాను.
గీటురాయి మీద గీసి, రాళ్లకీ లక్కకీ తరుగు తీసి
చీటీ మీద ఒక అంకె వేస్తాను.
ఆ అంకె చూసి ఏడ్చినవాళ్లున్నారు,
తిట్టినవాళ్లున్నారు.
నేను తలెత్తను.

ఇంటికెళ్లాక బీరువా కింది అర తీస్తాను.
మా ఆవిడ దానికి పెట్టిన పేరు
‘మీ రెండో సంసారం’.

నా ఎనిమిదో ఏట గవర్నరుపేట హాల్లో
పొద్దుటాట, ఒక్క వారం ఆడిన బొమ్మల సినిమా.
ఏ దేశానిదో, మాట ఒక్కటి అర్థమైతే ఒట్టు.
నవ్వితే వాన కురిసే రాకుమారి,
కోట గోడలు నానిపోతున్నాయని
ఆమెను నవ్వనివ్వని రాజు.
ఈ కథైనా వెనక బెంచీ దగ్గర సోడాలమ్మే కుర్రాడు చెప్పిందే.
అసలు కథ వేరే అయ్యుండొచ్చు.
నేను కనుక్కోలేదు.

ఆమె బొమ్మున్న అగ్గిపెట్టె ఉంది, పుల్లల్లేవు.
కంపాసు పెట్టె మూత మీద
తుప్పు ఆమెనంతా తిని కిరీటం వదిలేసింది.
మతాబుల అట్టడబ్బా మీద ఆమె చేతికి
ఎవడో కాకరపువ్వొత్తి ఇచ్చాడు,
వాన పిల్ల చేతికి నిప్పు!
పది పైసలకు మూడు చొప్పున కొన్న ఫిల్ము ముక్కల్లో
ఒకదాంట్లో ఆమె పెదవి కొస కదలబోతోంది.
నలభై అయిదేళ్లుగా
కదలబోతూనే ఉంది.

కస్టమ్సు కట్టి విదేశం నుంచి తెప్పించుకున్న
అసలు చిత్తరువు కూడా ఉంది.
నీలికళ్లు, సన్నటి ముక్కు, ఏ లోపమూ లేదు.
ఎందుకో దాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టాను.

ఎందుకంటే హాలు ముందు కట్టిన గుడ్డ బ్యానరు మీద
ఆమెకు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు,
రూపాయంత బొట్టు,
గడ్డం మీద పుట్టుమచ్చ.
నేను చూసిన రాకుమారి ఆవిడ.

అది గీసిన తలారి జకరయ్య లేడు.
చిట్టినగర్ కొండ మెట్లెక్కి, రెండుచోట్ల కూర్చుని,
ఆయన భార్య ఎలీసమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను.
‘ఆ పటమా? మేకల మీదుంది, చూసుకో.’

పాకలోకి వంగి పైకి చూశాను.
రంగులు గుడ్డ దాటి ఇవతలకి దిగాయి.
తలకిందులుగా రాకుమారి,
ముక్కు దగ్గర సైకిల్ ట్యూబు మాసిక.
ఒక మేక నా జేబులోని చీటీల పుస్తకం నమలబోయింది.

‘ఎంతకిస్తారు?’
ధర చెప్పడమే కానీ అడగడం తెలీని నోరు, తడబడింది.
‘నువ్వేగా విలువ కట్టేవాడివి. నువ్వే చెప్పు.’
చెబుదామని ఆవిడ వైపు తిరిగాను.
గడ్డం మీద పుట్టుమచ్చ.
దాంట్లోంచి ఒక తెల్ల వెంట్రుక.

‘కంపెనీవాళ్లిచ్చిన ఫొటో అరచేతంత.
మొహం తెలిసి చావలా.
నన్ను స్టూలు మీద కూచోబెట్టి నవ్వమన్నాడు.
మూడు పూటలు నవ్వా. దవడలు లాగేశాయి.
బొట్టు మాత్రం ఆయన పెట్టిందే, నాకెక్కడిది?’

‘వానొచ్చిందా?’
‘ఏంటీ?’
‘ఏం లేదు. సినిమా చూశారా?’
‘హాలు దాకా వెళ్లా. బయటే నన్ను చూసుకుని వచ్చేశా.
మళ్లీ టిక్కెట్టు దండగ.’

కొత్త టార్పాలిన్ కొనిస్తానన్నాను.
ప్లాస్టిక్ కింద మేకలు పడుకోవంది.
మజ్జిగ ఇచ్చింది. తాగాను.
నోట్ల కవరు జేబులోకి తిరిగి పోతుంటే
ఎప్పుడూ లేనిది, బరువుగా అనిపించింది.

ఇవాళ తక్కెట్లో ఎవరివో చెవిపోగులు.
అంకె వేయబోతుంటే కిటికీ అద్దం మీద నాలుగు చినుకులు,
ఆ వెనకే జల్లు.
కొండ కనపడటం లేదు.
మేకలు ఈపాటికి పటం కిందికి చేరి ఉంటాయి.
ట్యూబు మాసిక ఊడకుండా ఉంటే బాగుండు.

‘తరుగు ఎంతండీ?’
అద్దానికి అవతల ఆవిడ
రెండోసారి అడుగుతోంది.